కిడ్నీలు పాడయ్యాయన్నారు, బాచిని ఏం చేయమంటారు?

ప్రశ్న: మేమిద్దరం పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులం, తాడేపల్లిగూడెంలో ఉంటున్నాం. మా అబ్బాయి డాలస్ వెళుతూ మాకు అప్పగించిన లాబ్రడార్ కుక్క బాచికి ఇప్పుడు తొమ్మిదేళ్ళు, బరువు 31 కిలోలు. ఆరు రోజులుగా అన్నం ముట్టడం లేదు, తాగిన నీళ్ళు కూడా కక్కేస్తున్నాడు, మూత్రం బాగా తగ్గిపోయింది. ఊళ్ళో డాక్టరు గారు రక్తపరీక్ష చేయించి, క్రియాటినిన్ 6.8 ఉందనీ, కిడ్నీలు పాడయ్యాయనీ, బాధపెట్టకుండా ఇంజక్షన్ ఇచ్చేయడం మేలనీ అన్నారు. అబ్బాయి ఎంతైనా ఖర్చు పెట్టమంటున్నాడు. కుక్కకి ఇంత ఆర్భాటమా అని చుట్టాలు అంటున్నారు. మా కుటుంబం గ్రూపులో ఒకరు తెల్ల గలిజేరు కషాయం పట్టమన్నారు, ఇంకొకరు చెన్నైలో డయాలసిస్ చేస్తారన్నారు, ఒకరు కొబ్బరిబొండాలు పంపించారు. మేం ఏం చేయాలి? ఇంకొక సంగతి, దీనికి సంబంధం ఉందో లేదో తెలియదు: రెండు వారాల కిందట వాడు వెనక కాలు కుంటుతుంటే మావారు తాము వాడే మోకాళ్ళ నొప్పుల మాత్రను పెరుగన్నంలో కలిపి నాలుగైదు రోజులు పెట్టారు. డాక్టరు గారికి అది చెప్పలేదు. మావారు అప్పటినుంచి సరిగా నిద్రపోవడం లేదు.

జవాబు:

టీచరు గారికి నమస్కారం.

సంబంధం ఉందో లేదో తెలియదంటూ మీరు ఉత్తరం చివర రాసిన సంగతే నాకు అన్నిటికన్నా ముఖ్యమైనదిగా కనిపించింది కాబట్టి, దానితోనే మొదలుపెడతాను. మనుషులు కీళ్ళ నొప్పులకు వాడే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ వంటి మాత్రలు కుక్క కిడ్నీలను దెబ్బతీయగలవు. కిడ్నీలోకి రక్తం సరిపడా పారేలా చూసే కొన్ని పదార్థాలు శరీరంలో తయారవుతుంటాయి. ఈ మాత్రలు నొప్పితో పాటు వాటిని కూడా అణచివేస్తాయి. కుక్క నీళ్ళు సరిగా తాగని రోజుల్లో, ఎండదెబ్బ తిన్నప్పుడు, వాంతులు మొదలయ్యాక ఈ దెబ్బ మరింత గట్టిగా తగులుతుంది. కడుపులో పుండ్లు కూడా పడతాయి కాబట్టి బాచి విరేచనం తారులాగా నల్లగా ఉందేమో, వాంతిలో కాఫీ పొడి లాంటి మడ్డి కనిపిస్తోందేమో ఈ పూటే గమనించండి. మన దేశంలో పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని 2006లో నిషేధించింది కూడా కిడ్నీల కారణంగానే. ఆ మందు వేసిన గొడ్ల కళేబరాలను తిన్న రాబందులు కిడ్నీలు దెబ్బతిని కుప్పలుగా చచ్చిపోయాయి.

ఇదంతా మాస్టారిని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ముప్ఫై ఏళ్ళకు పైగా పశువుల ఆసుపత్రుల్లో పనిచేసినవాణ్ణి, ప్రేమకొద్దీ తమ మాత్రను కుక్కకు పెట్టిన ఇళ్ళు ఎన్ని చూశానో లెక్క చెప్పలేను. నేను చెప్పదలచింది దానికి పూర్తిగా వేరు. ఏ మాట బయటపడితే తమను నిందిస్తారని మాస్టారు దాచుకున్నారో, బాచి బతుకుతాడనుకోవడానికి ప్రస్తుతానికి మన చేతిలో ఉన్న ఆధారం ఆ మాటే. ఎందుకో కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

కిడ్నీ జబ్బు రెండు దారుల్లో వస్తుంది. ఒకటి ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా అరిగిపోవడం. కిడ్నీలో సుమారు ముప్పాతిక వంతు పనిచేయకుండా పోయేదాకా, కిడ్నీలు వడగట్టి బయటికి పంపవలసిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో పెరగదు కాబట్టి, అది బయటపడేసరికే చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. పోయిన భాగం తిరిగి రాదు. రెండోది విషం వల్లో, మందు వల్లో, ఎలుకల మూత్రం ద్వారా వచ్చే లెప్టోస్పైరా క్రిముల వల్లో నాలుగైదు రోజుల్లో హఠాత్తుగా కూలబడటం. ఇది చూడటానికి మొదటిదానికన్నా భయంకరంగా ఉంటుంది, చాలా కుక్కలు దీనితో చనిపోతాయి కూడా. కానీ సమయానికి చికిత్స అందితే కొన్ని కుక్కల కిడ్నీలు కొన్ని వారాల్లో తేరుకుంటాయి. రక్తపరీక్ష కాగితం మీద ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. 6.8 అనే అంకె కిడ్నీలు ఈ రోజు తమ పని చేయడం లేదని మాత్రమే చెబుతుంది. ఎందుకు చేయడం లేదో, రేపు చేస్తాయో లేదో చెప్పదు. పైగా ఆరు రోజులు వాంతులతో ఒళ్ళు ఎండిపోయిన కుక్కలో ఆ అంకెలో కొంత భాగం కేవలం నీరు తగ్గిపోవడం వల్ల కూడా అయి ఉండవచ్చు. క్రియాటినిన్ 5 దాటితే నాలుగో దశ, అంటే చివరి దశ అని పుస్తకాల్లో ఒక లెక్క ఉన్న మాట నిజమే కానీ, అది దీర్ఘకాలిక జబ్బు ఉండి, ఒంట్లో నీరు సరిగా ఉండి, నిలకడగా ఉన్న కుక్కను కొలవడానికి పెట్టిన లెక్క. బాచికి ఈ రోజు ఆ కొలబద్ద పనికిరాదు.

మీ ఊరి డాక్టరు గారి మాట తప్పని అనను. తొమ్మిదేళ్ళ లాబ్రడార్, 6.8 క్రియాటినిన్, వాంతులు, తగ్గిన మూత్రం, మాత్ర సంగతి ఎవరూ చెప్పలేదు; ఇన్ని కలిస్తే ముసలితనపు కిడ్నీ జబ్బనే ఎవరైనా అనుకుంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఇలాగే అనుకున్నాను. స్కానింగ్ లేని ఒక పల్లె ఆసుపత్రిలో, వయసు మళ్ళిన కుక్కను చూసి ఇక లాభం లేదని ఇంటివాళ్ళకు చెప్పేశాను. అది చనిపోయాక కోసి చూస్తే కిడ్నీలు ముడుచుకుపోయి లేవు, ఉబ్బి ఉన్నాయి. అప్పుడు ఆ ఇంటి పెద్దాయన నెమ్మదిగా, జ్వరంగా ఉందేమోనని మాత్రలు వేశానండీ అన్నాడు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ రోజు నుంచి ప్రతి కుక్క దగ్గరా నా మొదటి ప్రశ్న, ఇంట్లో ఏ మందు వేశారన్నదే.

కాబట్టి మీరు ఇప్పుడు అడగవలసింది ‘ఆశ ఉందా’ అని కాదు. ఇది హఠాత్తుగా వచ్చిందా, పాతదా అని అడగండి. దానికి జవాబులో సగం మీ ఇంట్లోనే ఉంది. గడిచిన నాలుగైదు నెలల్లో బాచి నీళ్ళ గిన్నె మామూలు కన్నా తొందరగా ఖాళీ అయ్యేదా? రోజుకు కిలో బరువుకు 100 మిల్లీలీటర్లు, అంటే బాచి బరువుకు మూడు లీటర్లు దాటి తాగుతుంటే అది అతి దాహం కిందే లెక్క. అర్ధరాత్రి మూత్రానికి లేపేవాడా? వీపు మీద ఎముకలు తేలేలా చిక్కిపోయాడా? చిగుళ్ళు పాలిపోయి చాలాకాలమైందా? వీటికి అవునంటే పాత జబ్బు వైపు మొగ్గు. రెండు వారాల కిందటి దాకా గేటు దగ్గర పాలబ్బాయి వెంటపడి పరిగెత్తిన కుక్కే అయితే మొగ్గు రెండోవైపు. మిగతా సగం స్కానింగ్ చెబుతుంది: పాత జబ్బులో కిడ్నీలు సాధారణంగా చిన్నవై గతుకులు తేలి ఉంటాయి, కొత్త దెబ్బలో మామూలు సైజులోనో కాస్త ఉబ్బో ఉంటాయి. వీటితో పాటు మూత్రపరీక్ష, పొటాషియం, ఫాస్ఫరస్, రక్తకణాల లెక్క, రక్తపోటు చూడాలి. గోమార్ల వల్ల వచ్చే టిక్ ఫీవర్ కూడా కిడ్నీ వడపోతను పాడుచేసి మూత్రంలో ప్రొటీన్ పోయేలా చేయగలదు కాబట్టి దాని పరీక్ష కూడా చేయించండి.

లెప్టోస్పైరా గురించి ఒక హెచ్చరిక. వరిచేలు, ఎలుకలు, నిలవ నీళ్ళు ఉన్న మీ ప్రాంతంలో ఈ అనుమానాన్ని కొట్టిపారేయలేం. ఏటేటా టీకా వేయించినా అందులో ఉన్న రకాల నుంచే రక్షణ ఉంటుంది. ఇది కుక్క మూత్రం నుంచి మనుషులకూ అంటుకుంటుంది. అది కాదని తేలేదాకా బాచి మూత్రం శుభ్రం చేసేటప్పుడు చేతికి తొడుగులు వేసుకోండి, నేలను బ్లీచింగ్ నీళ్ళతో కడగండి, పిల్లలను దగ్గరకు రానివ్వకండి. మీ ఇద్దరిలో ఎవరికైనా జ్వరం, ఒళ్ళు నొప్పులు వస్తే మీ వైద్యుడికి కుక్క సంగతి చెప్పండి.

ఇక ఎక్కడికి వెళ్ళాలన్నది. మీకు దగ్గరలో గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. తిరుపతి శ్రీవేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కిందిదే, కారులో సుమారు రెండు గంటల దూరం. కళాశాల ఆసుపత్రుల్లో మెడిసిన్ విభాగం అధ్యాపకులే చూస్తారు కాబట్టి, ఒకే మనిషి నిర్ణయం మీద అంతా ఆధారపడదు. బయలుదేరే ముందు ఫోను చేసి మూడు సంగతులు కనుక్కోండి: ఈ రోజు స్కానింగ్ ఉందా, రాత్రికి ఉంచుకుని సెలైన్ ఎక్కిస్తారా, సెలవు రోజున ఎవరుంటారు. రాత్రికి ఉంచుకోలేమని వాళ్ళంటే, ఇరవై నాలుగు గంటలూ మనిషి ఉండే ప్రైవేటు ఆసుపత్రి విజయవాడలో ఏదైనా ఉందేమో వాళ్ళనే అడగండి. హైదరాబాదు నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల మంచివే కానీ, ఈ స్థితిలో ఉన్న కుక్కకు అంత దూరపు ప్రయాణం నేను రెండో అడుగుగానే సూచిస్తాను.

వెళ్ళేటప్పుడు ఒక తెల్లకాగితం మీద బాచి కథ తేదీలతో రాసుకెళ్ళండి. మీరు టీచరు కాబట్టి ఇది నాకన్నా బాగా రాస్తారు. వయసు, బరువు, టీకాలు వేయించిన తేదీలు, కుంటడం ఎప్పుడు మొదలైంది, మాత్ర పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్ని, ఎన్ని రోజులు, వాంతులు ఏ రోజు మొదలయ్యాయి, చివరిసారి మూత్రం ఎప్పుడు పోశాడు, ఇప్పటిదాకా ఏ సూది వేశారు. మాత్రల ఖాళీ అట్ట పారేయకుండా ఆ కాగితానికి గుచ్చండి. సెలైన్ పెట్టక ముందటి మూత్రం చాలా విలువైనది; శుభ్రమైన గరిటె పట్టుకుని బాచి వెనకాల నడిచి నాలుగు చెంచాల మూత్రం సీసాలో పట్టగలిగితే డాక్టరుకు సగం పని తగ్గించినట్టే. నవ్వుకోకండి, మా విద్యార్థులకు మొదట నేర్పేది అదే.

బయలుదేరే లోపల ఇంట్లో కొన్ని పనులు మానాలి. ఆ కొబ్బరిబొండాలు మీరిద్దరూ తాగండి, బాచికి పట్టకండి. మూత్రం తగ్గిన కుక్క రక్తంలో పొటాషియం పేరుకుపోతుంది, అది గుండె కొట్టుకునే వేగాన్ని ప్రమాదకరంగా తగ్గిస్తుంది. కొబ్బరినీళ్ళలో ఆ పొటాషియమే మెండు. మనకు నీరసానికి అమృతంలా పనిచేసేది వాడికి విషం కావచ్చు. తెల్ల గలిజేరు సంగతీ అంతే. ఆ ఆకును కూరగా వండుకు తినేవారి నమ్మకాన్ని నేను ఎగతాళి చేయను కానీ, వాంతులతో ఉన్న కుక్క గొంతులో ఎంత బలమో కొలవని కషాయం పోయడం వైద్యం కాదు. బలవంతంగా నోరు తెరిచి పెరుగన్నం కుక్కితే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది. తెలిసిన కాంపౌండర్ చేత ఇంటి దగ్గరే సెలైన్ సీసాలు ఎక్కించడం కూడా ఇప్పుడు వద్దు. బాచి బరువున్న కుక్క సెలైన్ ఎక్కుతుండగా గంటకు కనీసం 30 మిల్లీలీటర్ల మూత్రం పోయాలి. గొట్టం పెట్టి దాన్ని కొలవకుండా సెలైన్ ఎక్కిస్తూ పోతే, బయటికి పోని నీరు ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసంతో కుక్క పోతుంది. మాస్టారి మాత్ర ఇక ఒక్కటి కూడా వేయకూడదని వేరే చెప్పనక్కర్లేదు.

ఆసుపత్రిలో చేర్చుకుంటే మూడు రోజుల గడువు పెట్టుకోండి. ఈ మూడు రోజుల్లో సెలైన్, వాంతులు తగ్గే మందు, కడుపులో పుండుకు మందు, అవసరమైతే లెప్టోస్పైరాకు పనిచేసే యాంటీబయాటిక్ ఇస్తారు. రోజూ సాయంత్రం డాక్టరును రెండే అడగండి: మూత్రం ఎంత వచ్చింది, క్రియాటినిన్ ఎటు పోతోంది. మూత్రం వస్తూ, అంకె నెమ్మదిగానైనా దిగుతుంటే ఇంకొన్నాళ్ళు పట్టుదలగా ఉండవచ్చు. మూత్రం రాకుండా, అంకె, పొటాషియం రెండూ పెరుగుతుంటే, అప్పుడు మాత్రమే డయాలసిస్ మాట. చెన్నై వేపేరిలోని మద్రాసు పశువైద్య కళాశాలలో కుక్కలకు డయాలసిస్ చేస్తారన్నది నిజమే. అది తేరుకోగల కిడ్నీకి ఆ నాలుగు రోజులు గడిచేలా చూసే ఊతకర్ర లాంటిది. పూర్తిగా ముడుచుకుపోయిన కిడ్నీకి ఏళ్ళ తరబడి చేయించుకునే మనుషుల డయాలసిస్ లాంటిది కాదు. అందుకని స్కానింగ్‌లో పాత జబ్బని తేలితే చెన్నై ప్రయాణం పెట్టుకోకండి. కొత్త దెబ్బని తేలితే, గన్నవరం డాక్టరు గారి చేతనే చెన్నైకి ఫోను చేయించి, వాళ్ళు రమ్మంటేనే కదలండి.

ఖర్చు గురించి మీ అబ్బాయికి ఒక మాట చెప్పండి. ‘ఎంతైనా’ అన్న మాట ప్రేమతో అన్నదే కానీ, వైద్యం చేసే చోట అది ఎవరికీ ఉపయోగపడదు. మూడు రోజులకు ఎంతవుతుందో ఆసుపత్రిలో కాగితం మీద రాయించుకుని, అంతవరకు ముందే ఒప్పుకోండి. నాలుగో రోజు సంగతి నాలుగో రోజు చూసుకోవచ్చు. దూరంలో ఉన్న పిల్లలు డబ్బుతోనే దగ్గరవ్వాలని చూస్తారు. బాచి స్కానింగ్ చేసేటప్పుడు వీడియో కాల్‌లో అబ్బాయిని కూడా ఉంచండి. డాక్టరు చెప్పేది తనే వింటే, తర్వాత ఏ నిర్ణయమైనా మీ ఇద్దరి నెత్తిన పడదు. కుటుంబం గ్రూపులో మాత్రం ఈ వారం రోజులు ఏమీ పెట్టకండి.

ఒకవేళ అది పాత జబ్బే అని తేలినా, ఈ గండం గట్టెక్కితే కొన్ని కుక్కలు నెలల తరబడి హాయిగానే ఉంటాయి. ఫాస్ఫరస్ తక్కువగా ఉండే తిండి పెట్టాలి. కిడ్నీ జబ్బుకు తయారైన ఆహారం దొరుకుతుంది. దొరకనప్పుడు డాక్టరు చెప్పిన కొలతలో మెత్తటి అన్నం, గుడ్డు తెల్లసొన, కాస్త నూనె వంటివి కలిపి పెడతారు. ఎముకలు, కార్జం, ఎండుచేపలు, పాలపొడి మానేయాలి. వారంలో కొన్ని రోజులు చర్మం కింద సెలైన్ పెట్టడం ఇంట్లోనే నేర్చుకోవచ్చు. నాకు తెలిసిన ఒకావిడ దేవుడి గది పక్క గోడకు కొట్టిన మేకుకు సీసా తగిలించి, కుక్క తలను ఒళ్ళో పెట్టుకుని, పేపరు చదువుతూ పెట్టేవారు. పేపరు మడత శబ్దం వినగానే ఆ కుక్క తనంతట తానే వచ్చి పడుకునేది.

ఇంజక్షన్ గురించి కూడా దాచకుండా చెప్పాలి. మూడు రోజుల తర్వాత మూత్రం రాకుండా, వాంతులు ఆగకుండా, నోటి నిండా పుండ్లతో, పేరు పెట్టి పిలిస్తే తోక కదపలేని స్థితి వస్తే, అప్పుడు మీ ఊరి డాక్టరు గారు చెప్పిన మాటే సరైన మాటవుతుంది. బాధ తీరే దారి లేని జంతువును వైద్యుడి చేత నొప్పి లేకుండా నిద్రపుచ్చడం తప్పూ కాదు, పాపమూ కాదు. నేను ఈ మాట వద్దనడం లేదు, స్కానింగ్ కన్నా ముందు వద్దంటున్నాను. ఆ రోజే వస్తే ఒక్కటి పట్టుబట్టి అడగండి: ముందు పూర్తిగా మత్తు ఇచ్చి, స్పృహ పోయిందని రెప్ప తాకి చూసిన తర్వాతే రెండో మందు నరంలోకి ఇవ్వాలి. మెలకువగా ఉండగానే మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కించే పద్ధతి కొన్ని చోట్ల ఇంకా ఉంది; దానికి ఒప్పుకోకండి. పోయిన తర్వాత కళ్ళు తెరుచుకునే ఉంటాయి, ఒకటి రెండు సార్లు ఊపిరి తీసినట్టు ఒళ్ళు కదలవచ్చు. అది బాధ కాదు. ముందే తెలిస్తే మీరు బెదరరు, బాచి పక్కనే ఉండగలుగుతారు.

చుట్టాల సంగతికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. తొమ్మిదేళ్ళు ఆ ఇంటి గేటు దగ్గర పడుకున్నది వాళ్ళు కాదు.

మాస్టారి చేత మాత్రం ఒక పని చేయించండి. రేపు ఉదయం కారులో ఆయన వెనక సీట్లో, పాత దుప్పటి పరిచి, బాచి తల తొడ మీద పెట్టుకుని కూర్చోవాలి. ఆసుపత్రిలో మాత్ర సంగతి మీరు కాకుండా ఆయనే చెప్పాలి, అట్ట ఆయన చేత్తోనే ఇవ్వాలి. అది విన్న డాక్టరు తిట్టడు. ఎన్ని వేశారు, ఎప్పుడు ఆపారు అని మాత్రమే అడిగి, రాసుకుని, స్కానింగ్ గదిలోకి తీసుకెళతాడు. రక్తపరీక్ష కాగితాలు, మీరు రాసిన కథ, మూత్రం సీసా మరచిపోకండి. పొద్దున్నే బయలుదేరితే పది గంటల వేళకు వరుసలో ముందుంటారు. ఈలోగా ఈ రాత్రి బాచికి ఊపిరి ఎగపోస్తే, మూర్ఛ వస్తే, లేవలేకపోతే తెల్లవారేదాకా ఆగకండి.